నాందీ నుంచి ఆపియాకు ఎంత దూరం? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఫిజీ, సమోవా దీవుల మధ్య విమాన ప్రయాణాల గురించి చాలా ఉత్తరాలు వచ్చాయి. దూరం, సమయం, తేదీ ఒకదానితో ఒకటి ముడిపడినవి కాబట్టి వాటన్నిటినీ ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి ఫిజీలోని నాందీలో ఒక హోటల్లో పనిచేస్తున్నాడు. ఇప్పుడు సమోవా రాజధాని ఆపియాకు బదిలీ అయింది. ఈ రెండు ఊళ్ల విమానాశ్రయాల మధ్య దూరమెంత? ప్రయాణం గంటన్నర అని ఒకచోట, రెండు గంటలని ఇంకోచోట చూశాను. ఏది నమ్మాలి? దారి పొడవునా సముద్రమే కదా, భయమేమైనా ఉందా?
— పాఠకురాలు, విజయవాడ

జవాబు: దూరం సుమారు 1,210 కిలోమీటర్లు. నాటికల్ మైళ్లలో 653. హైదరాబాదు నుంచి ఢిల్లీకి ఉన్న దూరం కంటే కాస్త తక్కువ. నాందీ నుంచి తూర్పు ఈశాన్యంగా వెళ్లాలి. టికెట్ తీసుకునేటప్పుడు మూడక్షరాల గుర్తులు చూసుకోండి: నాందీకి ఎన్ఏఎన్, ఆపియాకు ఏపీడబ్ల్యూ. ఆపియా విమానాశ్రయం పేరు ఫలేఓలో. అది ఊరికి పడమరగా 35–40 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. దిగాక ఊళ్లోకి చేరడానికి ముప్పావు గంట పైన వేసుకోవాలి.

మీరు చూసిన రెండు అంకెల్లో ఏదీ తప్పు కాదు. గంటన్నర అన్నది దూరాన్ని వేగంతో భాగిస్తే వచ్చింది. ఈ దారిలో ఎక్కువగా తిరిగేది బోయింగ్ 737. పైకి చేరాక దాని వేగం గంటకు 830 కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. 1,210ని 830తో భాగిస్తే గంటా 27 నిమిషాలు. కానీ విమానం గేటు దగ్గర నుంచే ఆ వేగంతో పోదు. రన్‌వే దాకా నేల మీద నడవాలి, 35 వేల అడుగుల పైకి ఎక్కాలి, మళ్లీ దిగాలి, దిగాక ఆగే చోటికి చేరాలి. వీటన్నిటికీ కలిపి సుమారు అరగంట వేసుకుంటే గంటా 57 నిమిషాలు వస్తుంది. విమాన సంస్థల టైంటేబుల్లో ఉండేది ఈ లెక్కే: చక్రాలు కదిలినప్పటి నుంచి ఆగేదాకా. ఈ మార్గంలో అది గంటా 50 నిమిషాల నుంచి రెండు గంటల దాకా ఉంటుంది. ప్రయాణం ఏర్పాట్లకు ఎప్పుడూ టైంటేబుల్ అంకెనే తీసుకోండి. ఇంటర్నెట్లో దూరాలు చెప్పే పేజీల్లోని సమయం దేనికీ పనికిరాదు.

పోయేటప్పటికీ వచ్చేటప్పటికీ తేడా ఉంటుంది. అక్కడ మే నుంచి అక్టోబరు దాకా చలికాలం. ఆ నెలల్లో విమానాలు ఎగిరే ఎత్తులో గాలి ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. గంటకు 75 కిలోమీటర్ల గాలి ఉందనుకుందాం. ఆపియా వైపు వెళ్లేటప్పుడు అది వెనక నుంచి తోస్తుంది, నేల మీద లెక్కేస్తే వేగం 905 అవుతుంది. తిరుగు ప్రయాణంలో ఎదురై 755కు పడిపోతుంది. పైన ఎగిరే సుమారు వెయ్యి కిలోమీటర్లకు ఒకవైపు 66 నిమిషాలు, ఇంకోవైపు 79 నిమిషాలు.

నేల దగ్గర మాత్రం గాలి దిశ వేరు. ఏడాదిలో ఎక్కువ రోజులు తూర్పు, ఆగ్నేయ వ్యాపార పవనాలే. ఫలేఓలో రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. విమానం ఎదురుగాలిలోనే దిగాలి, ఎక్కాలి. నాందీ నుంచి వచ్చే విమానం పడమర నుంచి వస్తూ తూర్పుకు ముఖం పెట్టి దాదాపు నేరుగా దిగిపోతుంది. తిరుగు ప్రయాణంలో తూర్పుకు ఎగిరి, గుండ్రంగా తిరిగి పడమర పట్టాలి. నాందీకి తిరిగి వచ్చేటప్పుడు మరికొన్ని నిమిషాలు ఇలా పోతాయి.

సముద్రం మాటకొస్తే, రెండు ఇంజన్ల విమానం దారిలో ఎక్కడున్నా ఒకే ఇంజనుతో గంటలోపు చేరగలిగే విమానాశ్రయం ఉందా అన్నది అందరూ చూసే మొదటి హద్దు. అంతకు మించి దూరమయ్యే మార్గాలకు విమానానికీ సంస్థకూ ప్రత్యేక అనుమతి కావాలి. నాందీ–ఆపియా దారిలో సరిగ్గా మధ్యలో ఉన్నా ఏ వైపుకైనా 605 కిలోమీటర్లే. ఒక ఇంజనుతోనూ గంటలోపు దూరమే. ఆపియాలో వాతావరణం బాగాలేక దిగలేకపోతే 150 కిలోమీటర్లలో, అమెరికా పాలన కింద ఉన్న పొరుగు దీవి అమెరికన్ సమోవా విమానాశ్రయం ఉంది. అక్కడికి చేరేందుకు, ఆపైన కాసేపు ఎగిరేందుకు సరిపడా ఇంధనం బయలుదేరేటప్పుడే నింపుకుంటారు. ధైర్యంగా పంపండి.

జాగ్రత్త పడాల్సింది ఇంకోచోట. హైదరాబాదు–ఢిల్లీ మధ్య ఒక విమానం తప్పితే గంటలో ఇంకోటి ఉంటుంది. ఇక్కడ అలా కాదు. తర్వాతి విమానం మర్నాడు కావచ్చు, రెండు మూడు రోజులకు కావచ్చు. ఒకే విమానం ఒక్క రోజులో మూడు నాలుగు దీవులు తిరుగుతుంది. పొద్దున ఎక్కడో చిన్న మరమ్మతు వస్తే సాయంత్రం ప్రయాణికుల దాకా ఆ ఆలస్యం పాకుతుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపానుల కాలం. ఉద్యోగంలో చేరాల్సిన తేదీకి ముందురోజు విమానం కాకుండా అంతకు ముందుది తీసుకోమనండి.

ప్రశ్న: భౌగోళిక శాస్త్రం పాఠం కోసం పిల్లలతో ఇదే దూరం లెక్క కట్టించాను. చేత్తో చేస్తే 727 కిలోమీటర్లు వచ్చింది. కంప్యూటర్‌లో అదే సూత్రం రాస్తే 37 వేలు దాటింది. పొరపాటు ఎక్కడ?
— ఉపాధ్యాయుడు, కాకినాడ

జవాబు: రెండు పొరపాట్లకూ మూలం ఒక్కటే, 180 డిగ్రీల రేఖాంశం. నాందీ దానికి ఇవతల తూర్పు రేఖాంశాల్లో, ఆపియా అవతల పశ్చిమ రేఖాంశాల్లో ఉన్నాయి. పిల్లలతో ఇలా చేయించండి.

నాందీ: 17.76 దక్షిణం, 177.44 తూర్పు. ఫలేఓలో: 13.83 దక్షిణం, 172.01 పశ్చిమం. అక్షాంశాల తేడా 3.93 డిగ్రీలు. రేఖాంశాల తేడాను రెండు ముక్కలుగా తీయాలి. నాందీ నుంచి 180 దాకా 2.56, అక్కడి నుంచి ఆపియా దాకా 7.99, మొత్తం 10.55 డిగ్రీలు. భూమధ్యరేఖ నుంచి దూరం జరిగేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కాబట్టి ఈ 10.55ను సగటు అక్షాంశం 15.8 డిగ్రీల కొసైన్‌తో, అంటే 0.962తో గుణించాలి. 10.15 వస్తుంది. ఇక పైథాగరస్: 10.15 వర్గం 103.0, 3.93 వర్గం 15.4, కలిపితే 118.4, వర్గమూలం 10.88. డిగ్రీకి 111.2 కిలోమీటర్లు. గుణిస్తే 1,210.

మీ పిల్లలు తూర్పు, పశ్చిమం పట్టించుకోకుండా 177.44 లోంచి 172.01 తీసేశారు. తేడా 5.43 అయింది, దూరం 727కు కుంగిపోయింది. కంప్యూటర్‌లో పశ్చిమానికి మైనస్ గుర్తు పెట్టడం సరైనదే. కానీ 177.44 లోంచి మైనస్ 172.01 తీసేసరికి 349.45 డిగ్రీలైంది. అంటే ప్రోగ్రాము ఆఫ్రికా, అమెరికాల మీదుగా భూగోళం చుట్టి వచ్చింది. ఒక్క షరతు కలపండి: తేడా 180 దాటితే దాన్ని 360 లోంచి తీసేయాలి. 360 లోంచి 349.45 పోతే మళ్లీ 10.55 వస్తుంది.

ఈ చదునైన లెక్క పొట్టి దూరాలకు చక్కగా సరిపోతుంది. గువామ్–హోనలూలు లాంటి పొడవైన మార్గానికి 6,140 చూపిస్తుంది, గోళం మీద అసలు దూరం 6,109. పెద్ద తరగతి పిల్లలైతే అక్కడ గోళ త్రికోణమితి సూత్రం వాడించండి. అందులో కొసైన్ తీసుకుంటారు కాబట్టి 349.45 ఇచ్చినా 10.55 ఇచ్చినా జవాబు ఒకటే. కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందో రేడియన్లలో ఉందో మాత్రం ముందే చూసుకోవాలి.

ప్రశ్న: నాందీలో మధ్యాహ్నం 1 గంటకు బయలుదేరితే ఆపియాకు 4 గంటలకు చేరినట్టు టికెట్ మీద ఉంది. రెండు గంటల ప్రయాణానికి మూడు గంటలెందుకు? పైగా మా ఇంట్లో ఉన్న పాత గైడు పుస్తకంలో మంగళవారం ఎక్కితే సోమవారం దిగుతారని ఉంది!
— పాఠకుడు, నెల్లూరు

జవాబు: టికెట్ మీద ఏ ఊరి సమయం ఆ ఊరి గడియారం ప్రకారం ఉంటుంది. ఫిజీ గడియారం గ్రీన్విచ్ కంటే 12 గంటలు ముందు, సమోవాది 13 గంటలు ముందు. మీరు రెండు గంటలే ఎగిరారు, దిగాక గడియారం ఒక గంట ముందుకు జరుపుకున్నారు. తిరుగు ప్రయాణంలో ఆ గంట వెనక్కు వస్తుంది: ఆపియాలో 5 గంటలకు ఎక్కితే నాందీలో 6 గంటలకే దిగుతారు. వేసవిలో గడియారాన్ని గంట జరిపే పద్ధతి ఇంతకుముందు రెండు దేశాల్లోనూ ఉండేది, ఇప్పుడు లేదు. కాబట్టి ఏడాది పొడవునా తేడా గంటే.

మీ పుస్తకం అచ్చయినప్పుడు చెప్పింది నిజమే. 2011 చివరిదాకా సమోవా అంతర్జాతీయ దినరేఖకు, అంటే దాటితే తేదీ మారే గీతకు, అమెరికా వైపు ఉండేది. 1892లో అటు మారినప్పుడు జులై 4ను రెండుసార్లు జరుపుకున్నారు. వందేళ్లు దాటేసరికి ఆ దేశపు వ్యాపారమంతా ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో అయిపోయింది. సమోవాలో శుక్రవారం ఆఫీసులు తెరిస్తే అక్కడ శనివారం సెలవు, అక్కడ సోమవారం పని మొదలైతే ఇక్కడ ఆదివారం ప్రార్థనలు. వారంలో రెండు పనిదినాలు వృథా. అందుకని 2011 డిసెంబరు 29 గురువారం అర్ధరాత్రి దాటగానే 31 శనివారం చేశారు. డిసెంబరు 30 అనే తేదీ ఆ దేశంలో ఆ ఏడాది లేదు.

కాబట్టి 2012కు ముందు అచ్చయిన పుస్తకం, సమయ పటం, సరిచేయని పాత ఫోను యాప్ ఏదీ సమోవా తేదీకి వాడొద్దు. అక్కడివాళ్లకు ఫోన్ చేయడానికి ఇది గుర్తుంచుకోండి: మనకు మధ్యాహ్నం 12 అయితే ఫిజీలో సాయంత్రం 6:30, సమోవాలో రాత్రి 7:30, తేదీ మనదే.

ప్రశ్న: ఆపియా నుంచి అమెరికన్ సమోవాలోని పాంగో పాంగోకు ఒక రోజు పని మీద వెళ్లాలి. శనివారం వెళ్లి ఆదివారం తిరిగి రావాలనుకుంటున్నాను. ఏం చూసుకోవాలి?
— సమోవాలో ఉంటున్న తెలుగు ఇంజనీరు

జవాబు: ముందు తేదీ చూసుకోండి. మీరు శనివారం బయలుదేరితే అక్కడ శుక్రవారం దిగుతారు. పొరుగు దీవి దినరేఖకు అమెరికా వైపే ఉండిపోయింది, గ్రీన్విచ్ కంటే 11 గంటలు వెనక. రెండింటికీ తేడా సరిగ్గా 24 గంటలు. గడియారం ముల్లు కదపనక్కర్లేదు, క్యాలెండరు మాత్రం ఒక రోజు వెనక్కు. ఆపియాలో శనివారం ఉదయం 10కి ఎగిరితే పాంగో పాంగోలో శుక్రవారం 10:40. ఈ సౌకర్యం మీకు పనికొస్తుంది: సమోవాలో శనివారం సెలవు, మీరు దిగేచోట శుక్రవారం ఆఫీసులు తెరిచే ఉంటాయి.

తప్పులు జరిగేది హోటల్ దగ్గర, తిరుగు టికెట్ దగ్గర. గది శుక్రవారం రాత్రికి తీసుకోవాలి. శనివారానికి తీసుకుంటే మీరు చేరే రోజున గది ఉండదు. మర్నాడు, అంటే అక్కడి శనివారం, తిరిగి ఎక్కితే ఆపియాలో ఆదివారం దిగుతారు. అదే సాయంత్రం నాందీ విమానం పట్టుకోవాలంటే దాన్ని ఆపియా తేదీతో ఆదివారానికి కొనాలి. కాగితం మీద రెండు నిలువు వరుసలు గీసి, ఒకదానిలో సమోవా తేదీలు, రెండో దానిలో అమెరికన్ సమోవా తేదీలు రాసుకుని ప్రతి టికెట్టునూ అందులో పెట్టి చూడండి. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే మోసపోతారు.

దూరం ఫలేఓలో నుంచి సుమారు 150 కిలోమీటర్లు, ఆపియా ఊరి పక్కనే ఉన్న చిన్న విమానాశ్రయం ఫంగాలీ నుంచి సుమారు 123. మీ విమానం ఎక్కడి నుంచి ఎగురుతుందో టికెట్ మీద చదువుకోండి, రెండూ ఊరికి చెరోవైపు ఉన్నాయి. ఈ దారిలో తిరిగేది 19 సీట్ల ట్విన్ ఆటర్. వేగం గంటకు 280 కిలోమీటర్ల ప్రాంతం, ప్రయాణం 35–40 నిమిషాలు.

అందులో ఎక్కేముందు సామానుతోపాటు మిమ్మల్నీ తూకం వేస్తారు. నొచ్చుకోవద్దు, అది మీ భద్రత కోసమే. ఆ విమానం ఎగిరేటప్పుడు మొత్తం బరువు 5,670 కిలోలు మించకూడదు. ఖాళీ విమానం, ఇద్దరు పైలట్లు, దిగలేకపోతే వెనక్కు రావడానికి అదనపు ఇంధనం పోగా మిగిలేదే ప్రయాణికులకూ సామానుకూ. పెద్ద విమానంలోలాగా మనిషికి సగటు బరువు వేసుకుంటే 19 మందిలో పదిమంది భారీగా ఉన్నా లెక్క తప్పుతుంది. ముందు వెనకల సమతూకం కూడా ముఖ్యం, అందుకే ఏ సీట్లో కూర్చోవాలో వాళ్లే చెబుతారు. 2013లో సమోవా ఎయిర్ అనే చిన్న సంస్థ ఛార్జీనే మనిషి బరువు ప్రకారం కిలోల లెక్కన వసూలు చేసింది.

బరువు ఎక్కువైతే ముందు ఆగిపోయేది సామాను. అది తర్వాతి విమానంలో వస్తుంది, తర్వాతి విమానం మర్నాడు కావచ్చు. మందులు, పత్రాలు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే పెట్టుకోండి. అమెరికన్ సమోవా ప్రవేశ నియమాలు ఆ దీవి సొంతవి. అమెరికా వీసా ఉంది కదా అని బయలుదేరకండి, ఆ దీవి ఇమిగ్రేషన్ అనుమతి విడిగా కనుక్కోండి.

ప్రశ్న: మా తాతగారి అన్న కుటుంబం మద్రాసు రేవు నుంచి ఫిజీకి చెరకు తోటల పనికి వెళ్లి అక్కడే స్థిరపడింది. ఇప్పుడు వాళ్లను చూడటానికి వెళ్తున్నాం. హైదరాబాదు నుంచి నాందీకి, అక్కడి నుంచి ఆపియాకు ఎలా?
— పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: 1903 నుంచి 1916 దాకా మద్రాసు నుంచి వెళ్లిన ఓడల్లో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మీ బంధువులను కలుసుకోవాలన్న ఆలోచన మాకు సంతోషం కలిగించింది.

హైదరాబాదు నుంచి నాందీకి గీత గీస్తే సుమారు 11,500 కిలోమీటర్లు. నేరుగా విమానం లేదు. భారతీయ పాస్‌పోర్టుతో వెళ్లేవారికి తేలికైనది సింగపూర్ దారి. సింగపూర్–నాందీ 8,300 కిలోమీటర్లు, సుమారు పది గంటలు. సింగపూర్ విమానాశ్రయం లోపలే విమానం మారితే వీసా అక్కర్లేదు. కానీ రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండాలి. విడివిడిగా కొంటే సామాను తీసుకుని మళ్లీ అప్పగించడానికి బయటికి రావాలి, అప్పుడు సింగపూర్ వీసా కావాలి. సిడ్నీ మీదుగా వెళ్తే విమానాశ్రయం దాటకపోయినా మనవాళ్లకు ఆస్ట్రేలియా ట్రాన్సిట్ వీసా ఉండాలి. దానికి రుసుము లేదు గాని ముందే దరఖాస్తు చేయాలి. అది లేకపోతే హైదరాబాదు కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. చవక టికెట్ చూసి ఈ సంగతి మరిచి చాలామంది ఇబ్బంది పడుతున్నారు.

ఫిజీకి మాత్రం భారతీయులకు ముందుగా వీసా అవసరం లేదు, నాలుగు నెలల దాకా ఉండనిస్తారు. తిరుగు టికెట్, ఆరు నెలల గడువున్న పాస్‌పోర్టు చూపాలి. నియమాలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే రోజున మరోసారి సరిచూసుకోండి.

నాందీలో దిగినరోజే ఆపియా విమానం పెట్టుకోకండి. సింగపూర్ విమానం ఆలస్యమైతే ఆపియాది పోతుంది, మళ్లీ ఎన్నిరోజులకో. రెండు టికెట్లూ వేర్వేరుగా కొన్నవైతే నష్టపరిహారం కూడా రాదు. నాందీలో కనీసం ఒక రాత్రి ఆగండి. టికెట్లు కొనే వరుస కూడా తిరగేయండి: ముందు ఆపియా విమానం ఏయే రోజుల్లో ఉందో చూసి, దానికి తగ్గట్టు సింగపూర్ టికెట్ తీసుకోవాలి. మనవాళ్లు దీనికి తలకిందులుగా చేస్తారు.

బంధువుల కోసం తీసుకెళ్లే వస్తువుల విషయం. విత్తనాలు, మొక్కలు, పచ్చి కరివేపాకు, పండ్లు పెట్టుకోవద్దు. పచ్చళ్లు, పొడులు, నెయ్యి మిఠాయిలు ఉంటే దిగేముందు ఇచ్చే కాగితంలో తప్పకుండా రాయండి. రాసి చూపిస్తే మహా అయితే తీసేసుకుంటారు. దాచి దొరికితే జరిమానా. ఆపియాలోనూ ఇదే తనిఖీ ఉంటుంది.

ప్రశ్న: నాందీ నుంచి ఫిజీ రాజధాని సువాకు విమానమా, బస్సా?
— పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: సువా విమానాశ్రయం నౌసోరిలో ఉంది. గాలిలో 122 కిలోమీటర్లు, ఏటీఆర్ విమానంలో అరగంట. క్వీన్స్ రోడ్డు దక్షిణ తీరం వెంట చుట్టి వెళ్తుంది కాబట్టి 190 కిలోమీటర్లు దాటుతుంది, కారులో మూడు నాలుగు గంటలు, బస్సులో ఇంకాస్త ఎక్కువ. కానీ గంట ముందు విమానాశ్రయానికి చేరడం, నౌసోరి నుంచి ఊళ్లోకి మళ్లీ 20 కిలోమీటర్ల పైన రోడ్డు కలుపుకుంటే మిగిలేది గంటో రెండు గంటలో. సామాను ఎక్కువుంటే బస్సే మేలు. నౌసోరి వైపు వర్షాలు ఎక్కువ, మబ్బు దిగితే విమానం ఆగిపోతుంది. నాందీలో మీ పెద్ద విమానం ఉదయాన్నే ఉంటే ముందురోజు సాయంత్రానికే బస్సులో చేరిపోండి.